వర్చువల్ మెషీన్ల పీసీలో నాకు బాగా నచ్చిన భాగం: సర్వర్ రకం ఎస్ఎస్‌డీ

వర్చువల్ మెషీన్ల (ఒకే పీసీలో సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరువేరు కంప్యూటర్ల) కోసం పీసీ కట్టుకుంటున్నాం అనగానే మాటలన్నీ ప్రాసెసర్ చుట్టూ తిరుగుతాయి. ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్, బోర్డులో ఐఓఎంఎంయూ గ్రూపులు (ఏ హార్డ్‌వేర్ భాగాన్ని ఒక మెషీన్‌కి విడిగా ఇవ్వొచ్చో తేల్చేవి) సరిగ్గా విడిపోతాయా లేదా. వాటి గురించి ఇప్పటికే బోలెడంత మంది రాశారు. నా పీసీ కొన్నేళ్లుగా రాత్రింబవళ్లు నడుస్తోంది. రైజెన్ 9 5900ఎక్స్, 64 జీబీ ర్యామ్, వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్, దాని మీద పదికి అటూ ఇటూగా మెషీన్లు. ఇంతకాలం వాడాక నాకు చెప్పాలని ఉన్నది ఒక్క భాగం గురించే: కరెంటు పోయినా డేటాను కాపాడే కెపాసిటర్లున్న ఎస్ఎస్‌డీ. ఈ పీసీలో నాకు ఇంత సంతోషాన్నిచ్చిన వస్తువు ఇంకొకటి లేదు.

మొదట్లో ఉన్నది మామూలు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, క్యూఎల్‌సీ రకం (అదేంటో కింద చెబుతాను). ఒకటి రెండు మెషీన్లు నడిపినంతకాలం చక్కగానే పనిచేసింది. మెషీన్లు పెరిగేకొద్దీ అప్పుడప్పుడూ ఏదో ఒకటి కొన్ని సెకన్లు బిగుసుకుపోయేది. మళ్లీ మామూలైపోయేది కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

ఒక రాత్రి ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయింది. రూటర్ బాగానే ఉంది, లైన్ బాగానే ఉంది. మా ఇంటి డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చేది) ఒక చిన్న లైనక్స్ మెషీన్‌లో నడుస్తుంది, అది పలకడం లేదు. దాని కన్సోల్ తెరిస్తే జర్నల్ (డిస్కులో మార్పుల చిట్టా) రాసే జేబీడీ2 అనే పని 120 సెకన్లకు పైగా ఆగిపోయిందని కెర్నల్ మెసేజ్‌లు వరసగా కనిపించాయి. పక్కనున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మెషీన్‌లోనూ అదే పరిస్థితి. విండోస్ మెషీన్‌లో మౌస్ కూడా కదలడం లేదు. హోస్ట్‌లో, అంటే వీటన్నిటినీ నడిపే అసలు పీసీలో చూస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉంది, ర్యామ్‌లో చోటుంది. ఎక్కువగా ఉన్నదల్లా డిస్కు కోసం ఎదురుచూసే వెయిట్ అంకె ఒక్కటే. ఆ టైముకి నాలుగైదు మెషీన్లలో అప్‌డేట్లు, విండోస్ అప్‌డేట్, వాటికి తోడు బ్యాకప్ రీస్టోర్ ఒకటి, అన్నీ ఒకేసారి పడ్డాయి.

ఇందులో రెండు కారణాలు కలిశాయి. క్యూఎల్‌సీలో ఒక్కో సెల్‌లో 4 బిట్లు దాస్తారు, అలా రాయడం నెమ్మది. అందుకని డ్రైవ్ కొంత భాగాన్ని సెల్‌కి 1 బిట్ చొప్పున వాడుకుంటూ ముందు అక్కడ రాసేస్తుంది, తర్వాత తీరిగ్గా సర్దుకుంటుంది. ఆ క్యాష్ నిండేదాకా వేగమే వేగం. నిండాక కొన్ని డ్రైవ్‌లు పాత హార్డ్ డిస్క్ కంటే కిందకి పడిపోతాయి. రీస్టోర్ ఆ క్యాష్‌ని నింపేసింది.

రెండోది నాకు ఇంకా పెద్ద కారణంగా తేలింది: ఎఫ్‌సింక్. డేటాబేస్ గానీ, జర్నల్ ఉన్న ఫైల్‌సిస్టమ్ గానీ, డెబియన్‌లో ప్యాకేజీలు వేసే డీపీకేజీ గానీ, రాసినది నిజంగా డిస్కులో పడిందా అని ఈ ఎఫ్‌సింక్ ఆదేశంతో పదేపదే అడుగుతూ ఉంటాయి. ప్రతి ఉత్తరాన్నీ రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు చేతికొచ్చాకే రెండోది రాసినట్టు. మామూలు డ్రైవ్‌లో ఆ రసీదు రావాలంటే డేటా ఫ్లాష్ చిప్పుల్లోకి చేరాలి, ఆ కాస్త ఆలస్యం ప్రతిసారీ పడుతుంది. ఒక్క పీసీ వాడుకుంటే అది తెలియనే తెలియదు. పది మెషీన్లు ఒకే డ్రైవ్‌ని అడుగుతుంటే ఆ ఆలస్యాలన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష మెషీన్‌లో డిస్కు క్యాష్‌ని ‘అన్‌సేఫ్’ మోడ్‌లో పెట్టి అప్‌డేట్ నడిపాను. ఆ మోడ్‌లో ఫ్లష్ (డిస్కులోకి వెంటనే రాసేయమని) అడిగినా, మెషీన్లను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ పట్టించుకోదు. నత్తనడక నడిచే అప్‌డేట్ పరుగెత్తింది. కారణం దొరికింది. కానీ దాన్ని అలాగే ఉంచేయమని చెప్పే సలహాలు చూస్తే నాకు భయం. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడిపోవచ్చు. పారేసినా ఫర్వాలేదనుకునే మెషీన్లకు తప్ప ఆ మోడ్ వద్దే వద్దు.

తర్వాత తెచ్చుకున్నదే 960 జీబీ సర్వర్ రకం ఎం.2 డ్రైవ్. పెట్టె మీద అంకెలు చూస్తే దీని రైట్ స్పీడ్ పాతదానిలో సగం కూడా లేదు. ఆ అంకెలు నమ్ముకుంటే ఎవరూ దీన్ని ఎంచుకోరు. అసలు విషయం బోర్డు మీద వరసగా ఉన్న కెపాసిటర్లలో ఉంది. కరెంటు పోయినా డ్రైవ్ సొంత మెమరీలో ఉన్నది ఫ్లాష్‌లో రాసేంత శక్తి వాటిలో నిలవ ఉంటుంది. కాబట్టి డేటా ఆ మెమరీలోకి రాగానే డ్రైవ్ ధైర్యంగా రసీదు ఇచ్చేస్తుంది. ఎఫ్ఐఓ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రామ్‌తో 4కే బ్లాకులు రాస్తూ ప్రతిదానికీ ఎఫ్‌సింక్ పెట్టి చూశాను. పాతది సెకనుకు వందల్లో ఉండిపోతే, ఇది పదివేలు దాటింది.

అంకెల కంటే ఆ తర్వాతి రోజులే నాకు ఎక్కువ నచ్చాయి. అవే మెషీన్లు, అవే అప్‌డేట్లు, అదే టైము. డీఎన్ఎస్ ఒక్కసారి కూడా తడబడలేదు. రీస్టోర్ నడుస్తుండగా విండోస్ మెషీన్‌లో మామూలుగా పని చేసుకున్నాను. ప్రాసెసర్ మార్చలేదు, ర్యామ్ పెంచలేదు. రాత్రి అప్‌డేట్లంటే ఉండే టెన్షన్ పోయింది.

ఆయుష్షు సంగతి కూడా చెప్పాలి. 1 టీబీ మామూలు టీఎల్‌సీ (సెల్‌కి 3 బిట్లు) డ్రైవ్‌లకు సాధారణంగా 600 టీబీ రాతల దాకా వారంటీ ఇస్తారు, క్యూఎల్‌సీకి అంతకంటే తక్కువే. రోజుకొకసారి మొత్తం నింపినా ఐదేళ్లు అన్న లెక్కతో వచ్చే 960 జీబీ డ్రైవ్‌కి అది దాదాపు 1,750 టీబీ అవుతుంది. జెడ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ మీద మెషీన్లు పెడితే మెషీన్ లోపల రాసినదానికి ఎన్నో రెట్లు డ్రైవ్ మీద రాతలు పడతాయి కాబట్టి ఈ తేడా కాగితం మీదే ఉండిపోదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు స్మార్ట్ వివరాల్లో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కల్లో) ‘పర్సెంటేజ్ యూజ్డ్’ తప్పకుండా చూడండి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ డ్రైవ్ పొడవు 110 మిల్లీమీటర్లు. చాలా బోర్డుల స్లాట్లు 80 దగ్గరే ఆగిపోతాయి, కొనేముందు మాన్యువల్‌లో 22110 అని ఉందేమో చూసుకోవాలి. సర్వర్లలో గాలి హోరున వీస్తుంది, ఇంటి కేసులో అంత ఉండదు. పని లేనప్పుడు కూడా ఇది వెచ్చగానే ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు మామూలు డ్రైవ్‌లంత తక్కువ కరెంటుతో సరిపెట్టుకోదు. నేను ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ పెట్టాల్సి వచ్చింది. పీసీ పడకగదిలో ఉండేవాళ్లకు ఆ చప్పుడు నచ్చకపోవచ్చు. ఇక ఆ కెపాసిటర్లు బ్యాకప్‌కి ప్రత్యామ్నాయం కావు, డ్రైవే పోతే అవి ఏమీ చేయలేవు.

కొత్తలో అందరికీ నేను గొప్పగా చెప్పింది 5900ఎక్స్ గురించి. ఇప్పటికీ మంచి ప్రాసెసరే, కానీ ఆ 12 కోర్లకూ ఒకేసారి పని పడడం నా దగ్గర అరుదు. కంపైలింగ్ ఎక్కువ చేసేవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది. నాకు మాత్రం 8 కోర్లతో జరిగిపోయేది.

నేర్చుకోవడానికి రెండు మూడు మెషీన్లు పెట్టి, పని అయ్యాక ఆపేసేవాళ్లకు ఈ డ్రైవ్ అక్కర్లేదు. మంచి టీఎల్‌సీ డ్రైవ్ తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్‌కి పెట్టుకోవచ్చు. నాలా డేటాబేస్, డీఎన్ఎస్ లాంటివి ఆగకుండా నడుపుతూ, ఇంట్లో మిగతావాళ్లు కూడా వాటి మీదే ఆధారపడి ఉంటే, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే ఈ రకం డ్రైవ్ పెట్టుకోమంటాను. ముందు మీ హోస్ట్‌లో మెషీన్లు బిగుసుకుపోయే సమయంలో వెయిట్ అంకె ఎంతుందో ఒకసారి చూడండి. అది తక్కువగా ఉంటే మీ సమస్య వేరే చోట ఉంది.