నాలుగేళ్లుగా విగ్గు, దాని కింద నా జుట్టు

పాపిడి వెడల్పవడం మొదలయ్యాక విగ్గు కొనుక్కున్నాను. నాలుగేళ్లు దాటింది. వారానికి ఐదు రోజులు, రోజుకు తొమ్మిది పది గంటలు తలమీదే ఉంటుంది. అసలు వెంట్రుకలతో చేసింది, ముందువైపు అంచున లేసు, అంటే వెంట్రుకలు కట్టిన సన్నటి వలగుడ్డ, ఉంది. చూడటానికి ఇప్పటికీ బాగుంది, దాని గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు. చెప్పాల్సింది దాని కింద ఉన్న నా జుట్టు గురించి.

మొదటి ఎనిమిది నెలలు విగ్గుకు కుట్టి వచ్చిన క్లిప్పులతోనే పెట్టుకున్నాను. ఎంత గాలి వీచినా కదలదనే ధైర్యం ఉండేది. ఒక రాత్రి విగ్గు తీస్తుంటే కుడి కణత దగ్గర చురుక్కుమంది. క్లిప్పు పళ్లలో ఏడెనిమిది వెంట్రుకలు, చివర తెల్లటి బొడిపెలతో సహా ఊడి వచ్చాయి. అద్దంలో చూసుకుంటే సరిగ్గా క్లిప్పు పట్టే చోట చింతగింజంత మేర మాడు నున్నగా కనిపించింది. ఎడమవైపు కూడా పలచబడింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చర్మ వైద్యురాలు చూసి ట్రాక్షన్ అలొపీసియా అన్నారు. రోజూ ఒకేచోట లాగుతుంటే కుదురు బలహీనపడి వెంట్రుక రాలిపోతుంది. త్వరగా ఆ లాగుడు ఆపితే మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే కుదురు మచ్చకట్టిపోయి ఇక రాదు.

ఇంటికి రాగానే దారాలు కత్తిరించి క్లిప్పులన్నీ తీసేశాను. వాటికి బదులు విగ్గు అంటించే జిగురు రెండుసార్లే వాడాను. నూనె రాసి ఎంత నెమ్మదిగా వదిలించినా నుదుటి అంచున ఉండే సన్న వెంట్రుకలు దానితోపాటే వచ్చేస్తుంటే చూడలేకపోయాను.

అప్పటి నుంచి వెల్వెట్ బ్యాండే. రెండువైపులా నూగు ఉంటుంది కాబట్టి లోపల తలను, పైన విగ్గును పట్టుకుంటుంది. బరువు ఒక్కచోట పడకుండా తల చుట్టూ సర్దుకుంటుంది. బిగించాక దాని కింద చిటికెన వేలు సులువుగా దూరాలి. దూరలేదంటే సాయంత్రానికి కణతలు నొప్పెడతాయి. రోజూ ఒకే గీత మీద కాకుండా కాస్త ముందుకో వెనక్కో జరిపి పెట్టుకుంటాను. లోపాలు లేకపోలేదు. ఎండల్లో చెమట పీల్చి ఉక్కపోస్తుంది, రెండు రోజులకోసారి ఉతకాలి, ఏడాది తిరిగేసరికి నూగు అరిగి జారడం మొదలవుతుంది. అయినా నేను మళ్లీ మళ్లీ కొనేది ఇదొక్కటే.

కింద జుట్టును వదులుగా రెండు జడలల్లి తలకు ఆనించి పెడతాను. మొదట్లో వాటిమీద, విగ్గు కింద కాటన్ టోపీ వాడితే కొసలు ఎండిపోయి చిట్లేవి. శాటిన్‌కు మారాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఆలస్యమవుతోందని తడితల మీదే విగ్గు పెట్టేసుకున్న రోజులున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. వారం తిరక్కుండానే దురద, చుండ్రు, తల దగ్గర ముక్కిన వాసన. ఇప్పుడు వేళ్లతో కుదుళ్ల దాకా తడిమి, ఎక్కడా చల్లగా తగలకపోతేనే జడలల్లుతాను. తలస్నానం వారానికి రెండుసార్లు. నూనె మాత్రం ముందురోజు రాత్రే, అదీ కొంచెం. విగ్గు కింద నూనె ఉంటే లేసు జిడ్డు కడుతుంది, బ్యాండు నిలవదు. విగ్గును పది పన్నెండుసార్లు పెట్టుకున్నాక ఒకసారి కడుగుతాను. నిద్రకు ముందు తప్పకుండా తీసేస్తాను.

కణతలకు నెలనెలా ఫోటో తీసుకున్నాను. ఎడమవైపు పూర్తిగా నిండింది. కుడివైపు నాలుగో నెలలో నూగు కనిపించింది. నెలకు సెంటీమీటరు చొప్పున సాగి ఇప్పుడు జడలోకి అందుతోంది. మధ్యలో బియ్యపుగింజంత చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. పాపిడి సంగతి వేరు, దానికి మందు నడుస్తోంది. విగ్గు పెట్టుకోని రెండు రోజులూ తలకు బ్యాండూ టోపీ ఏవీ ఉండవు, జుట్టు విరబోసుకునే ఉంటాను.