కేసు కట్టనన్నారు: మేజిస్ట్రేటు దగ్గరికా, హైకోర్టుకా?

పోయిన నెల ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి టేబుల్ మీద ప్లాస్టిక్ కవరు బోర్లించాడు. పోస్టుమార్టం రిపోర్టు జిరాక్సు, కొడుకు ఆధార్ కార్డు, అద్దం పగిలిన ఫోను. కాలవలో శవం తేలితే స్టేషన్లో అనుమానాస్పద మృతి అని రాసి ఊరుకున్నారట. “మావాడికి ఈతొచ్చు సార్. ఇంక ఎస్సైల చుట్టూ తిరగలేను, హైకోర్టులో వేసెయ్యండి” అన్నాడు. ఇదే మాట ఎంతమంది అడిగారో లెక్కలేదు, అందుకే రాసి పెడుతున్నా.

2003 ఆగస్టులో మధుర రైల్వే స్టేషన్లో ఒక ఆర్మీ మేజర్ శవం దొరికింది. ప్రమాదమో ఆత్మహత్యో అన్నారు రైల్వే పోలీసులు. ఆత్మహత్యే అంది సైన్యం. కాదు, చంపేశారు, సీబీఐ కావాలని తండ్రి అలహాబాద్ హైకోర్టుకెళ్లాడు. అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టుకెళ్లాడు. 2007 డిసెంబరులో అక్కడ తేలిందేమిటంటే: ముందు ఎస్పీకి రాసుకోవాలి, ఆయన కదలకపోతే మేజిస్ట్రేటుకు చెప్పుకోవాలి. ఆ తండ్రి పేరు మీద వచ్చిన సకిరి వాసు తీర్పంటే అదే. నాలుగేళ్లు తిరిగిన మనిషిని మళ్లీ కింది మెట్టు మీద నిలబెట్టారు. ఈ రోజుకీ ఎఫ్ఐఆర్ కోసం నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఉండేది ఈ తీర్పే.

నేను చూసేది క్యాలెండరు. కాల్ రికార్డులు కంపెనీల దగ్గర రెండేళ్లయినా ఉంటాయి. వీధి చివర దుకాణం కెమెరాలో బొమ్మ అన్నాళ్లు ఉండదు, వారాల్లోనే దాని మీద కొత్తది పడిపోతుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసు మనకు తెలిసిందే. శిక్ష పడిన యువకుడు 2017లో నిర్దోషిగా బయటికొచ్చాడు, 2018లో హైకోర్టు సీబీఐకి ఇచ్చింది. తీరా చూస్తే విజయవాడ కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాలు ధ్వంసమైపోయి ఉన్నాయి. 2019లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది.

అందుకే మేజిస్ట్రేటు వైపే నా మొగ్గు. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173(4) కింద ఎస్పీకి పోస్టులో ఫిర్యాదు, ఆ రసీదు జతచేసి అఫిడవిట్‌తో 175(3) కింద మేజిస్ట్రేటుకు పిటిషన్. ఈ రసీదు లేకే చాలా పిటిషన్లు వెనక్కొస్తాయి. మేజిస్ట్రేటు దర్యాప్తుకు ఆదేశించడమే కాదు, అది సరిగా సాగుతోందో లేదో కూడా చూడొచ్చని ఆ సకిరి వాసు తీర్పే చెప్పింది. పోలీసులు కేసు మూసేస్తామన్నా ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాల్సిందే, అప్పుడు మూసెయ్యొద్దని అభ్యంతరం చెబుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు.

లోటు లేదని కాదు. తిరిగి తిరిగి ఫైలు ఆ స్టేషన్‌కే పోతుంది. “రిపోర్టు రాలేదు, వాయిదా” అనే మాట వినడానికి ఓపిక కావాలి. సీబీఐకి ఇచ్చే అధికారమూ మేజిస్ట్రేటుకు లేదు.

వేలు పోలీసుల వైపే చూపిస్తుంటే మాత్రం లెక్క మారుతుంది. లాకప్ మరణాలకు హైకోర్టే. ఒడిశాలో కస్టడీలో కొడుకు పోయిన తల్లి రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుంది, 1993లో లక్షన్నర పరిహారం ఇప్పించింది.

మానవ హక్కుల కమిషన్ ఉంది, ఏడాదిలోపు రాయాలి, అది చేసేది సిఫార్సే. పోలీసులతో పని లేకుండా మేజిస్ట్రేటు దగ్గర నేరుగా ప్రైవేటు కేసు కూడా వేయొచ్చు. సాక్షుల్ని మనమే మోసుకు తిరగాలి.

పెద్దాయనకు వకాల్తా కాగితం ఇవ్వకముందే ఒక పని చెప్పాను: కాలవ గట్టు మీద ఐస్ దుకాణం ఉంటే ఈ సాయంత్రమే వెళ్లి, పెన్ డ్రైవ్‌లో ఆ రాత్రి దృశ్యాలు ఎక్కించి ఇమ్మని అడగమని. శవం దొరికి అప్పటికి పదకొండు రోజులు.