గ్రేమ్ ఓబ్రీ కనిపెట్టిన రెండు భంగిమల్లో ఏది మేలు?

స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ సైకిల్‌పై కూర్చునే తీరునే రెండుసార్లు మార్చాడు. మొదటిది ముడుచుకున్న భంగిమ. ఇందులో చేతులను మడిచి రొమ్ము కిందకు చేర్చి, ఛాతీని దాదాపు పిడికిళ్ల మీదే ఆనించేవాడు. దాంతో గాలికి అడ్డుపడే మోచేతులు ఒంటిలో కలిసిపోయేవి. రెండోది, చేతులను ముందుకు బారుగా చాచే ‘సూపర్‌మ్యాన్’ భంగిమ.

మొదటి భంగిమకు సైకిల్ కూడా ప్రత్యేకంగా ఉండాలి. మోకాళ్లు దగ్గరగా ఆడేలా పెడళ్ల మధ్య దూరం తగ్గించి, అవి తగలకుండా పైగొట్టం తీసేసి, వాషింగ్ మెషీన్ బేరింగ్‌ను కూడా వాడి ఓబ్రీ తన సైకిల్‌ను స్వయంగా తయారు చేసుకున్నాడు. 1993 జులై 16న నార్వేలోని హామార్‌లో మరో సైకిల్‌పై గంట రికార్డుకు (ట్రాక్‌పై ఒక గంటలో అత్యధిక దూరం తొక్కిన రికార్డు) ప్రయత్నించి విఫలమై, మర్నాడు ఉదయమే ఈ సొంత సైకిల్‌పై 51.596 కిలోమీటర్లు తొక్కి, ఇటలీ సైక్లిస్టు ఫ్రాన్సెస్కో మోజర్ 1984లో నెలకొల్పిన 51.151 కిలోమీటర్ల రికార్డును దాటాడు. వారం తిరగకముందే ఇంగ్లండ్‌కు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని 52.270కి పెంచాడు. 1994 ఏప్రిల్‌లో ఓబ్రీ బోర్దోలో 52.713తో తిరిగి దక్కించుకున్నాడు. అంతకుముందు జనవరిలోనే మోజర్ కూడా నలభై రెండేళ్ల వయసులో ఈ భంగిమనే ఆశ్రయించి, మెక్సికోలో తన పాత దూరాన్ని మించాడు. ఓడినవాడే వచ్చి నేర్చుకోవడం కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది?

అయినా ఇందులో ఇబ్బందులున్నాయి. ఛాతీ నొక్కుకుపోతుంది, అంత ఇరుకైన హ్యాండిల్‌తో నిలిచిన చోటు నుంచి బయలుదేరడమూ తేలిక కాదు. 1994లో పలెర్మో ప్రపంచ పోటీల్లో దీన్ని నిషేధించడంతో ఓబ్రీ అనర్హుడయ్యాడు.

ఆ నిషేధానికి జవాబే సూపర్‌మ్యాన్. 1995లో బొగోటాలో దానితోనే పర్సూట్‌లో (ఇద్దరు ట్రాక్‌కు చెరో వైపు నుంచి బయలుదేరి నాలుగు కిలోమీటర్లు తొక్కే పోటీ) రెండోసారి ప్రపంచ విజేత అయ్యాడు. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో బోర్డ్‌మన్ ఇదే భంగిమలో గంటకు 56.375 కిలోమీటర్లు తొక్కాడు. అయితే 1993 నాటి బోర్డ్‌మన్ సొంత దూరానికి అదనంగా చేరిన నాలుగు కిలోమీటర్లనూ భంగిమ ఖాతాలో వేయడం సరికాదు, ఎందుకంటే స్విట్జర్లాండ్‌కు చెందిన టోనీ రోమింగర్ టైమ్ ట్రయల్‌లో (ఒంటరిగా గడియారంతో పోటీపడే పందెం) వాడే సాధారణ హ్యాండిల్‌తోనే 1994లో 55.291 దాకా చేరాడు. బోర్డ్‌మన్ 1996లోనే పర్సూట్‌లో నమోదు చేసిన 4 నిమిషాల 11.114 సెకన్లు మాత్రం 2011 వరకు చెక్కుచెదరలేదు.

అందుకే నా ఓటు సూపర్‌మ్యాన్‌కే. మొదటి దానిలో సైకిల్‌నే విప్పి మళ్లీ కట్టాలి. రెండో దానికి హ్యాండిల్ ముందుకు సాగితే చాలు, ఇతరుల ఒంటికీ అది సులువుగా అమరింది. తెలివి మాత్రం మొదటి దానిలోనే ఎక్కువ. ఆ తరువాత సూపర్‌మ్యాన్‌నూ నిషేధించారు కాబట్టి, నేటి ట్రాక్‌పై ఈ రెండింటిలో ఏదీ పనికిరాదు.