నాలుగేళ్లు ఎన్‌వీడీఏతో: చూపులేని విద్యార్థి ఉన్న తరగతిలో నా అనుభవం

విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. కరోనా తర్వాత 2021 ఆగస్టులో బడులు తెరిచినప్పుడు పుట్టుకతోనే చూపులేని ఒక అబ్బాయి ఏడో తరగతిలో చేరాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టింది. "ఒకసారి వింటే మర్చిపోడండి మేడమ్" అని చెప్పి వెళ్లింది. అది నిజమే. కానీ వినడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు చదివి పెట్టాలి. పక్కబెంచీ వాడికి ఓపిక ఉన్నప్పుడే వీడికి చదువు. నేను ముప్పై ఎనిమిది మందికి పాఠం చెబుతూ వాడొక్కడి కోసం ఆగితే మిగతావాళ్లు గోల చేసేవాళ్లు, ఆగకపోతే రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ఐఈఆర్‌టీ టీచర్, అంటే అలాంటి పిల్లలకు చదువులో సాయం చేసే టీచర్, వారానికోసారి వచ్చి బ్రెయిలీ నేర్పేవారు. ఒకరోజు ఆవిడ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి, "ఇందులో ఎన్‌వీడీఏ ఉంది, మీ ల్యాబ్‌లో ఏ కంప్యూటర్‌కి పెట్టినా మాట్లాడుతుంది" అన్నారు. అప్పటి నుంచి 2025లో వాడు పదో తరగతి పూర్తిచేసేదాకా దాన్ని దాదాపు రోజూ వాడాం. ఇలాంటి పిల్లలు ఉన్న టీచర్లకు ఉపయోగపడుతుందని ఈ అనుభవం రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: ఎన్‌వీడీఏ అంటే విండోస్ కంప్యూటర్ తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్. మౌస్ అక్కర్లేదు, అంతా కీబోర్డు మీదే నడుస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇద్దరికీ చూపు లేదు. ఇది పూర్తిగా ఉచితం. మా ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ల మీద కూడా ఇబ్బంది లేకుండా నడిచింది. పెన్‌డ్రైవ్ కాపీకి ఇన్‌స్టాల్ చేయాల్సిన పని కూడా లేదు. మా బడికి ఇదే పెద్ద మేలు, ఎందుకంటే ల్యాబ్ కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో తెలుసుకోవడానికే మాకు నెల పట్టేది.

మొదట అందరూ అడిగేది గొంతు గురించే. దీంతోపాటు వచ్చే ఉచిత తెలుగు గొంతు మనిషి గొంతులా ఉండదు, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. విన్న మొదటి రోజు నాకైతే భయమేసింది, పిల్లాడికి ఇది ఎలా అర్థమవుతుందా అని. వాడికి రెండు వారాలు పట్టింది. తర్వాత వేగం పెంచుకుంటూ పోయాడు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వాడు వినే వేగంలో నాకు ఒక్క మాట కూడా అందేది కాదు. పాఠం మొత్తం నేను చదవడానికి పట్టే సమయంలో సగంలోనే విని ముగించేవాడు. కాబట్టి గొంతు బాగాలేదని మొదటి వారంలోనే వదిలేయకండి.

నేర్పేటప్పుడు మాకు బాగా పనికొచ్చినది కీబోర్డు సహాయం. ఇన్సర్ట్ కీతో 1 నొక్కితే, ఆ తర్వాత ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుంది తప్ప వేరే పనేదీ చేయదు. ఏదైనా చెరిగిపోతుందేమోనన్న టెన్షన్ లేకుండా వాడు గంటలకొద్దీ వేళ్లు ఆడించి కీబోర్డంతా వంటబట్టించుకున్నాడు. ఇంకొకటి, చూపున్న టీచర్ల కోసం స్పీచ్ వ్యూయర్ అని ఉంది. పిల్లాడి చెవిలో పడుతున్న మాటలన్నీ ఒక చిన్న కిటికీలో మనకు అక్షరాల్లో కనిపిస్తాయి. వాడు ఎక్కడ చిక్కుకున్నాడో పక్కన నిలబడి చూస్తే తెలిసిపోయేది. ఇయర్‌ఫోన్ మాత్రం ఒక చెవికే పెట్టించాలి, రెండో చెవి తరగతికి ఉండాలి. మొదట్లో రెండు చెవులకీ పెట్టేసి వాడిని ఒక మూల కూర్చోబెట్టాం. నెల తిరిగేసరికి వాడు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. అది నా తప్పు, ఇప్పటికీ మనసులో ఉంది.

అసలు కష్టం సాఫ్ట్‌వేర్‌లో ఎదురవలేదు, మేం ఇచ్చే ఫైళ్లలో ఎదురైంది. మన దగ్గర తెలుగు నోట్సులు, మోడల్ పేపర్లు చాలావరకు ప్రింటింగ్ పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటాయి. తెరమీద మనకు చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఎన్‌వీడీఏ లోపల ఉన్నదే చదువుతుంది. కాకతీయుల పాఠం పెట్టి ఇస్తే వాడి చెవిలో అర్థంలేని అక్షరాల వరద. "మేడమ్, ఇది తెలుగేనా?" అని అడిగాడు. నేను తెర చూసి తెలుగేరా అన్నాను. మాలో ఎవరిదీ అబద్ధం కాదు. ఫొటో తీసి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపే ప్రశ్నపత్రాలు ఇంకా ఘోరం, వాటి మీద ఎన్‌వీడీఏ అసలు నోరే విప్పదు.

అప్పటి నుంచి నేను టైప్ చేసేదంతా యూనికోడ్‌లోనే, అంటే కంప్యూటర్ లోపల కూడా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతిలో. పాత కాగితాలను ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, డాక్స్‌తో తెరిస్తే చాలావరకు తెలుగు అక్షరాలుగా మారిపోతాయి. తర్వాత కూర్చుని ఒత్తులూ దీర్ఘాలూ సరిచూడాలి. పాఠానికి నలభై నిమిషాలదాకా పట్టేది. వర్డ్‌లో శీర్షికలను లావు అక్షరాలతో వదిలేయకుండా హెడ్డింగ్ స్టైల్ పెట్టి, ఆ ఫైలును వెబ్ పేజీగా సేవ్ చేసి ఇస్తే, పిల్లాడు హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతాడు. లేకపోతే ప్రతిసారీ మొదటి నుంచి వినుకుంటూ రావాల్సిందే. పట్టికలు నిజమైన పట్టికలుగా ఉంటే కంట్రోల్, ఆల్ట్, బాణం కీలతో గడి గడీ తిరుగుతాడు. జనాభా లెక్కల పట్టికలో రాష్ట్రాలను వాడే పోల్చి, ఎక్కడ స్త్రీపురుష నిష్పత్తి తక్కువో నాకంటే ముందు చెప్పిన రోజు నేను మరిచిపోను.

పటాల దగ్గర మాత్రం ఇది చేతులెత్తేసింది. సోషల్ టీచర్‌గా నాకు అదే పెద్ద లోటు. పటం వచ్చేసరికి ఎన్‌వీడీఏ "గ్రాఫిక్" అని ఊరుకుంటుంది. బొమ్మకు వివరణ రాసి పెట్టొచ్చు, నేనూ రాశాను. కానీ గోదావరి నాసిక్ దగ్గర పుట్టి ఎటు తిరిగి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో మాటల్లో ఎంత రాసినా దారి మనసులో పడదు. చివరికి అట్టముక్క మీద ఫెవికాల్ రాసి, నదులకు పురికొస, సరిహద్దులకు సన్నదారం అతికించాం. తరగతిలో పిల్లలే చేశారు. ఆ పటాలు తయారుచేస్తూ మిగతావాళ్లు కూడా పటాలు బాగా నేర్చుకున్నారు. లెక్కల మాస్టారికి నాకంటే కష్టమైంది. సమీకరణాలు బొమ్మలుగా ఉంటే ఏమీ వినపడదు. లెక్కల విషయంలో ఇది చాలదనే చెబుతాను.

తెలుగు రాయడంలో ఇంకో సంగతి గమనించాను. విని నేర్చుకున్న పిల్లాడికి శ, ష, స తేడా, ణ, న తేడా చెవికి సరిగా అందవు. అక్షర దోషాలు ఎక్కువగా వచ్చాయి. బాణం కీతో ఒక్కో అక్షరం వింటూ సరిచూసుకోవడం మా తెలుగు మేడమ్ అలవాటు చేశారు. ఆవిడ ఓపికకు నిజంగా దండం పెట్టాలి. బ్రెయిలీ మానేయకూడదని నేను అనేదీ అందుకే. అక్షరం వేలికి తగిలితే వర్ణక్రమం గుర్తుంటుంది, చెవి ఆ పని చేయలేదు.

తర్వాత మా గదికి ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి పనిచేయించే పెద్ద తెర, వచ్చింది. అందరూ సంబరపడ్డాం. వారంలోనే తెలిసింది, నేను ప్యానెల్ మీద వేలుపెట్టి "ఇది ఇక్కడికి వస్తుంది, దీన్ని చూడండి" అంటున్నానని. వాడికి ఆ మాటల్లో ఏముంటుంది? రాసే ప్రతి మాటనూ పైకి అంటూ రాయడం అలవాటు చేసుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. వెనక బెంచీల పిల్లలు, "ఇప్పుడు బాగా అర్థమవుతోంది మేడమ్" అన్నారు.

మా ఊరి నుంచి పనికోసం వలస వెళ్లి వచ్చే కుటుంబాల పిల్లలు కొందరుంటారు. మధ్యలో బడి మానడం వల్ల ఎనిమిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదువుతారు. అలాంటి అమ్మాయి ఒకతె ల్యాబ్‌లో వీడి పక్కన కూర్చుని, తను పుస్తకంలో వేలు పెట్టుకుని, కంప్యూటర్ చదువుతుంటే కళ్లతో వెంబడించేది. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. వేగం బాగా తగ్గించి తనకీ పెట్టాను. ఏడాది చివరికి పేజీ మొత్తం తనే చదివింది. దీన్ని చూపులేని వాళ్ల కోసమే అనుకున్న నేను అప్పుడు మనసు మార్చుకున్నాను.

పరీక్షల గురించి ముందే జాగ్రత్తపడండి. వికలాంగ అభ్యర్థులు బ్రెయిలీలోగానీ, కంప్యూటర్ మీదగానీ, లేఖకుల (చెప్పింది రాసిపెట్టేవాళ్ల) సాయంతోగానీ రాసే వీలు ఉండాలని, అదనపు సమయం కూడా ఇవ్వాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. బడి పరీక్షలన్నీ వాడు కంప్యూటర్ మీదే రాశాడు. మొదటిసారి యూనికోడ్ ప్రశ్నపత్రం ఇచ్చిన రోజు బయటికొచ్చి, "మేడమ్, ప్రశ్నలు నేనే చదువుకున్నా" అన్నాడు. పబ్లిక్ పరీక్షకు మాత్రం లేఖకుడే దొరికాడు. అక్కడ మాకు దెబ్బ తగిలింది. టైప్ చేసేవాడు వెనక్కి వెళ్లి వాక్యం మార్చుకోగలడు. చెప్పి రాయించాలంటే జవాబు ముందే మనసులో పూర్తిగా అమరాలి, అది వేరే విద్య. జనవరిలో మొదలుపెట్టి హడావిడిగా నేర్పాం, తొమ్మిదిలోనే మొదలుపెట్టాల్సింది. పాసయ్యాడు, మంచి మార్కులే వచ్చాయి. కానీ సోషల్‌లో వాడికి తెలిసినదంతా ఆ కాగితం మీదికి రాలేదని నాకు తెలుసు.

ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఆదివారాలు ఫోన్ చేసి, అక్కడి లెక్చరర్లు ఇచ్చే పీడీఎఫ్‌లు నాకు పంపి మార్చి ఇమ్మంటాడు. కొన్ని మారుస్తున్నాను. వాళ్ల లెక్చరర్ ఒకరికి యూనికోడ్ గురించి ఫోన్‌లోనే వివరించాను, ఆయన పోయిన నెల నుంచి నోట్సు నేరుగా టైప్ చేసి ఇస్తున్నారట. పెన్‌డ్రైవ్ మా ల్యాబ్‌లోనే ఉంది. ఈ జూన్‌లో ఆరో తరగతిలో చూపు బాగా తక్కువున్న అమ్మాయి చేరింది. తనకు ముందు అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తున్నాం, దాంతోపాటు రోజుకు పది నిమిషాలు కీబోర్డు సహాయం. నిన్నటికి పై వరస పూర్తయింది.