సెలవుల్లో మద్రాసు పోతే ఎగ్మోర్ మ్యూజియంలో ముందు అమరావతి రాళ్ళ దగ్గరికి పోండి

మన నెల్లూరోళ్ళం మద్రాసు పోతే ఆస్పత్రికి పోతాం, లేదంటే టి నగర్లో పెళ్ళి బట్టలకి పోతాం, పిల్లకాయలకి ఎండాకాలం సెలవులిస్తే వండలూరు జూకీ మెరీనా బీచికీ తీసకపోతాం. ఎగ్మోర్ మ్యూజియం పేరు అందరం వినుంటాం గానీ లోపలికి పోయినోళ్ళు తక్కువే, పోయినోళ్ళు కూడా తిమింగలం అస్థిపంజరం దగ్గర ఒక ఫొటో దిగి, ఇంకేముందిలే అని బయటికి వచ్చేస్తుంటారు. ఈ సెలవుల్లో మా అక్క పిల్లల్ని తీసుకుని పోయొచ్చా, అప్పట్నించీ కనిపించినోళ్ళందరికీ చెప్తానే ఉన్నా, ఎందుకంటే ఆడుండేవాటిల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించినవి మనవే, మన కృష్ణ ఒడ్డున బౌద్ధ స్థూపానికి, అంటే బుద్ధుడి గుర్తుగా కట్టిన గుండ్రటి గుట్ట లాంటి కట్టడానికి, చెక్కిన అమరావతి శిల్పాలు.

ముందు పోయే దారి చెప్తా. నెల్లూరు నుంచి తెల్లవారుజాము బండెక్కి సెంట్రల్లో దిగితే మెట్రోలో పక్క స్టేషనే ఎగ్మోర్, ఆడ్నించి పాంథియన్ రోడ్డు దగ్గరే. మ్యూజియం పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా ఉంటుంది, శుక్రవారం సెలవు, ఈ ఒక్క ముక్క మాత్రం మర్చిపోవద్దు. 1851లో మొదలైన మ్యూజియం ఇది, మన దేశంలో కలకత్తాది తర్వాత ఇదే పాతది. ఒక బిల్డింగు కాదు, పెద్ద కాంపౌండులో చాలా ఉన్నాయి, ఎర్రటి పాత కట్టడాలు, పక్కనే కన్నెమరా లైబ్రరీ, కాబట్టి అన్నీ చూసేద్దాం అని పరిగెత్తొద్దు. కాళ్ళల్లో ఓపిక ఉండంగానే, తల చల్లగా ఉండంగానే నేరుగా అమరావతి గ్యాలరీకి పోండి.

ఆడ గుండ్రంగా పళ్ళెం మాదిరి చెక్కిన రాయి ఒకటుంది, నాలాగిరి ఏనుగు కథ. బుద్ధుడి మీద కుళ్ళుతో దేవదత్తుడు ఏనుగుకి కల్లు తాపించి రాజగృహం అనే ఊరి వీధిలోకి వదిలించిన కథ అది. ఎడమ పక్కన చూస్తే ఏనుగు మదమెక్కి వీధిలో పడింది, ఒకడు కాళ్ళ కింద నలిగిపోతున్నాడు, జనం చెల్లాచెదురుగా పరిగెత్తుతున్నారు, ఒకామె భయంతో పక్కనున్న మగమనిషిని గట్టిగా పట్టుకునుంది, పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు కూడా ఉన్నారు. కుడి పక్కకి వస్తే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఒకే రాయిలో ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ రెండూ! దగ్గర దగ్గర 1,800 ఏళ్ళ నాటి పని ఇది. నేను పిల్లలకి ముందు రోజు రాత్రే కథ చెప్పి పెట్టా, దాంతో వాళ్ళే వెతుక్కుని 'పిన్నీ, కింద పడిపోయినోడు వీడే' అని చూపించారు, చిన్నది ఆ ఏనుగు ముందు నుంచి కదల్లేదు అసలు. కథ తెలీకుండా పోతే మాత్రం పిల్లలకి అది అరిగిపోయిన రాయే, కాబట్టి కథ చెప్పే తీసకపోండి.

ఇంకో పని కూడా చేయించొచ్చు. ఆ ఏనుగు రాయి కంటే పాత రాళ్ళల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలా, ఖాళీ సింహాసనం, పాదాల గుర్తులు, బోధి చెట్టు, ధర్మచక్రం, ఇవే ఆయన. బుద్ధుడు యాడున్నాడో కనుక్కోండి అని పిల్లలకి పని పెట్టారంటే ఒక్కో రాయి ముందూ ఆగి చూస్తారు. స్థూపం బొమ్మే చెక్కిన పలకలు కూడా ఉన్నాయి, గుమ్మం దగ్గర సింహాలు, పైన గొడుగులు, చుట్టూ దణ్ణం పెట్టే జనం. అసలు స్థూపం ఇవాళ అమరావతిలో దిబ్బగా మిగిలింది కదా, అది నిండుగా ఉన్నప్పుడు ఎట్టా ఉండేదో మనకి తెలిసేది ఈ పలకల వల్లే.

ఇవి మద్రాసు ఎట్టా చేరాయో కూడా పెద్దపిల్లలకి చెప్పాలి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో ఊరు కట్టిస్తున్న కాలంలో ఈ దిబ్బని రాళ్ళ కోసం తవ్వారు, ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు, ఈలోపే చాలా శిల్పాలు సున్నం బట్టీల్లోకి పోయాయి. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసు పంపించాడు, వాటిల్లో చాలా 1859లో ఓడెక్కి లండన్ పోయాయి, ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత తవ్వకాల్లో దొరికినవి కూడా కలిపి మనకి దగ్గర్లో మిగిలిన పెద్ద భాగం ఎగ్మోర్లో ఉంది. అమరావతి ఊళ్ళోనూ మ్యూజియం ఉంది, అదీ చూడాల్సిందే, కానీ మన జిల్లా వాళ్ళకి ఎగ్మోర్ తేలిక.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఈ రాళ్ళు ఇచ్చినవాళ్ళ సంగతి. ఇవన్నీ రాజులు చేయించారనుకుంటాం గదా, అమరావతి శాసనాల్లో వర్తకులు, భిక్షుణులు, గృహస్తులు అందరూ ఉన్నారు, విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కుండ, చెక్కిన పలక ఇచ్చినట్టు బ్రాహ్మీ అక్షరాల్లో రాసుంది. తోలుపని చేసే ఒక మనిషి పేరు, ఆయన ఇంటి వాళ్ళతో సహా, ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది! ఇది చెప్తుంటే మా పెద్దోడు మిగతా రాళ్ళ మీద కూడా అక్షరాలున్నాయేమో అని వంగి వంగి చూశాడు.

నాణేల దగ్గరికి పోతే మన ఊరి కథ ఒకటి చెప్పండి. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుకలకి తగిలింది, తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద కుండలో రోమన్ బంగారు నాణేలు, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. చాలావరకు కరిగించేశారంట. యాడ రోము, యాడ మన పెన్నా ఒడ్డు! స్కూల్లో మాకెవరూ చెప్పలేదు ఇది.

కంచు విగ్రహాలు కూడా వదలొద్దు, తిరువాలంగాడు నటరాజు ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, వడక్కుప్పనయ్యూరు సీతారామలక్ష్మణులు, వాళ్ళతో ఉన్న ఆంజనేయుడు మా అమ్మకి బాగా నచ్చారు. జంతువుల బిల్డింగు, పిల్లల మ్యూజియం ఆఖర్న పెట్టుకోండి, అవి అలిసిపోయినా చూస్తారు.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు, ఆ రోజుల్లో పోయేటట్టయితే స్పెషల్ ప్రదర్శనలు ఏమన్నా పెట్టారేమో, ఏ గ్యాలరీ అన్నా రిపేరు కోసం మూశారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్ళ బాటిళ్ళు, పెద్దవాళ్ళకి టోపీ, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి, బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య ఎండలో నడక ఉంటుంది. టూరు ప్యాకేజీల్లో అరగంట ఆపుతారే, ఆ అరగంటకైతే పోవద్దు, దేనికీ చాలదు.

ఒంగోలు, దర్శి, మార్కాపురం వైపు వాళ్ళకి ఇంకో మాట. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది కదా, 1970ల్లో తవ్వకాలు జరిగిన బౌద్ధ స్థూపం, గుట్ట మీద ఉంటుంది. వీలైతే ముందు ఒక పొద్దున పిల్లల్ని ఆ గుట్ట ఎక్కించి, ఆ తర్వాత మద్రాసు తీసకపోండి, స్థూపం అంటే ఏందో కళ్ళతో చూసొచ్చిన పిల్లకి ఎగ్మోర్లో ఆ పలకలు ఎవరూ వివరించక్కర్లేదు.