నోర్చానా, స్కాన్నోనా? రోమ్ పక్కన రెండు రోజులుంటే ఏది మేలు?

రోమ్ చూసేశాక రెండు రోజులు మిగిలితే చాలామంది ఫ్లోరెన్స్ రైలెక్కేస్తారు. ఆ జనం గోల వద్దు, ఒక చిన్న కొండ ఊరు చాలనుకునేవాళ్లకు నేను చెప్పే పేర్లు రెండు: ఉంబ్రియాలోని నోర్చా, అబ్రుజ్జోలోని స్కాన్నో. రెండూ అపెనైన్ కొండల్లోవే. రెండు రోజుల్లో రెండూ కుదరవు కాబట్టి ఒకటే తేల్చుకోవాలి.

తిండి కోసమైతే నోర్చాకు తిరుగులేదు. మధ్య ఇటలీలో పంది మాంసం, సాసేజీలు అమ్మే కొట్టును 'నోర్చినెరియా' అంటారు. ఆ పేరు పుట్టింది ఈ ఊరి నుంచే. కొట్టు గుమ్మంలో పంది తొడలు వేలాడుతుంటాయి, పక్కనే అడవి పంది తల అలంకారంగా పెట్టి ఉంటుంది. శాకాహారులకు మొదట కాస్త టెన్షనే. కానీ ఈ ఊరికి ఇంకో రెండు సొత్తులున్నాయి. ఒకటి నల్ల ట్రఫుల్, అంటే నేల లోపల పెరిగే ఘాటైన వాసన గల ఒక రకం పుట్టగొడుగు. చేత్తో చేసిన పాస్తా మీద దాన్ని తురిమి, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో కలిపి పెడతారు. తడి మట్టి వాసన లాంటి ఒక వాసన ముందు ముక్కుకు తగులుతుంది, రుచి తర్వాత తెలుస్తుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది: ఆ నూనెలో చిన్న ఉప్పు చేప కరిగించడం స్థానిక పద్ధతి, కంటికి కనిపించదు. మెనూలో 'అల్లా నోర్చినా' అని ఉంటే సాసేజీ ఉన్నట్టే. 'సెంజా కార్నే, సెంజా అచ్చూగే' (మాంసం వద్దు, ఆ చేపా వద్దు) అని ముందే చెప్పేయండి.

రెండోది పప్పు. నోర్చా పైన దాదాపు 1,450 మీటర్ల ఎత్తులో కాస్తెల్లుచ్చో అనే పల్లె ఉంది. దాని కింద పియానో గ్రాండే మైదానంలో పండే చిన్న గింజకు 1997లోనే ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. నానబెట్టక్కర్లేదు. మన కందిపప్పులా మెదిగిపోకుండా గింజ గింజగా ఉంటుంది. జూన్ నెలాఖరు, జూలై మొదట్లో ఈ చేలు ఎరుపు, నీలం, పసుపు చారలుగా మారిపోతాయి. లోకమంతా ఫొటోలు తీసుకునే ఆ పూలు రైతు లెక్కలో కలుపు మొక్కలే! ఫొటో కోసం చేలో దిగి తొక్కకండి, అది వాళ్ల పంట.

ఇబ్బందేమిటంటే మంచి నల్ల ట్రఫుల్ చలికాలం సరుకు, పూలేమో వేసవివి. రెండూ ఒకే ప్రయాణంలో దొరకవు. వేసవిలో దొరికే ట్రఫుల్‌కు అంత వాసన ఉండదు.

చరిత్ర విషయానికొస్తే, క్రైస్తవ మఠాలకు నియమావళి రాసిన సెయింట్ బెనెడిక్ట్ పుట్టిన ఊరు నోర్చా. 2016 అక్టోబర్ 30న వచ్చిన 6.5 తీవ్రత భూకంపంలో ఆయన పేరిట ఉన్న చర్చి ముందు గోడ తప్ప దాదాపు అంతా కూలిపోయింది. కాస్తెల్లుచ్చో చాలావరకు నేలమట్టమైంది. 1859 భూకంపం తర్వాత ఇళ్లు రెండంతస్తులు దాటకూడదని ఇక్కడ నియమం పెట్టారు. నోర్చా ఇళ్లు పొట్టిగా, లావు గోడలతో ఉండడం అందుకే. పాత ఊరు చెక్కు చెదరకుండా చూడాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు.

అలాంటివాళ్లకు స్కాన్నో. సుమారు 1,050 మీటర్ల ఎత్తులో, కొండను పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది. ఇరుకు సందులు, ఎక్కడ చూసినా రాతి మెట్లు. ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ 1951లో ఇక్కడికొచ్చారు, ఆ దశాబ్దం చివర్లో మారియో జకొమెల్లి వచ్చారు. నల్ల దుస్తుల ఆడవాళ్ల మధ్య నడిచొస్తున్న ఒక కుర్రాడిని జకొమెల్లి తీసిన ఫొటో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం దాకా వెళ్లింది. ఇప్పుడు ఆ దుస్తులు ఎక్కువగా పండగలకే కనిపిస్తాయి. కంసాలి కొట్లు మాత్రం ఉన్నాయి. సన్నటి బంగారు తీగతో అల్లిన నక్షత్రం, మధ్యలో గుండె బొమ్మ: ఆ పతకం పేరు ప్రెజెంతోజా, ఒకప్పుడు పెళ్లి కుదిరిన అమ్మాయికి పెట్టేవారు. అద్దం అవతల నుంచి చూసినా ఆ తీగ పనికి కళ్లు తిప్పుకోలేం.

స్కాన్నో సరస్సు కొండచరియ విరిగి వాగుకు అడ్డం పడడంతో ఏర్పడింది. పై దారిలో ఒక చోటు నుంచి చూస్తే హృదయాకారంలో కనిపిస్తుంది. ఒడ్డున నిలబడితే మామూలు చెరువే, కాబట్టి ఎక్కే ఓపిక ఉంటేనే వెళ్లండి. తిండిలో గొర్రె పాల చీజ్‌దే పైచేయి. శతాబ్దాల పాటు గొర్రెల మందలను చలికాలానికి దక్షిణాన ఉన్న పుల్యా మైదానాలకు తోలుకెళ్లిన ఊరిది. బాదం, తేనె వేసి పైన చాక్లెట్ పూసే 'పాన్ దెల్లోర్సో' (ఎలుగుబంటి రొట్టె) ఒక ముక్క తింటే టీ అడుగుతుంది నోరు. అసలు ఎలుగుబంట్లు పక్కనే అబ్రుజ్జో నేషనల్ పార్కులో ఉన్నాయి. ఇక్కడి ఉపజాతిలో మిగిలినవి యాభై, అరవై మాత్రమే. కనిపిస్తాయని ఆశ పెట్టుకోకండి.

మరి ఏది? అమ్మానాన్నలతో వెళ్తే నోర్చా. ఊరి చుట్టూ ఉన్న పాత కోట గోడల లోపల నేల దాదాపు చదును, మోకాళ్లకు హాయి. కారు ఉండి జూన్ నెలాఖరైతే మరో మాట లేదు. కాకపోతే పూల వారాంతాల్లో పైన కాస్తెల్లుచ్చో మైదానంలో కార్లకు ఆంక్షలుంటాయి, మామూలు రోజు చూసుకోండి. కారు లేకుండా నోర్చాకు స్పొలేతో దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఊరి వరకు ఫర్వాలేదు, పైనున్న మైదానానికి చేరడమే కష్టం.

నా ఓటు మాత్రం స్కాన్నోకే. రోమ్ నుంచి సుల్మోనాకు రైలు, అక్కడి నుంచి సజిత్తారియో లోయ మలుపుల్లో బస్సు. దిగాక ఇక కారు అవసరమే ఉండదు. ఆదివారం బస్సులు తగ్గిపోతాయి, శుక్రవారం వెళ్లి శనివారం తిరిగొచ్చేలా చూసుకోండి. తిరుగు బస్సుకూ రైలుకూ మధ్య సమయం ఉంటే సుల్మోనాలో చక్కెర పూత బాదంపప్పులతో చేసిన పూలగుత్తి ఒకటి కొనండి. సూట్‌కేసులో నలగదు, ఇంటికొచ్చాక పిల్లలు పూలన్నీ తినేస్తారు.