ఇంజిన్‌సిమ్: అల్యూమినియం ఎక్కడ చేతులెత్తేస్తుందో చూపే ప్రోగ్రాం

నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం ఉచితంగా ఇస్తున్న, జెట్ ఇంజిన్ పనితీరును కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే ఇంజిన్‌సిమ్‌ను రాయగడలో డిప్లొమా, బీటెక్ పిల్లలకు జెట్ ఇంజిన్ పాఠం చెప్పడానికి ఏళ్ల తరబడి వాడుతున్నాను. అది జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న రోజుల్లో దించుకుని నెట్ లేకుండానే నడిపేవాళ్లం. బ్రౌజర్లు జావాను వదిలేశాక కొన్నాళ్లు ఇబ్బంది తప్పలేదు. ఇప్పటి రూపానికి ఆ బాధ లేదు.

దీని ప్రాణం కంప్రెసర్ (ఇంజిన్‌లోకి వచ్చిన గాలిని నొక్కే భాగం) దగ్గర ఉంది. పీడన నిష్పత్తి (గాలి పీడనం ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే అంకె) పెంచితే ఇంధనం ఆదా అని పుస్తకం చెబుతుంది. ఆదర్శ చక్రంలో (గాలిని నొక్కి, వేడి చేసి, వ్యాకోచింపజేసే వరుసలో) నిష్పత్తి 8 అయితే సామర్థ్యం సుమారు 45 శాతం, 30 అయితే 62 శాతం. ఇది వినగానే పిల్లలు 30 పెట్టేస్తారు. ఏ నష్టమూ లేదనుకున్నా, 15 డిగ్రీల గాలి కంప్రెసర్ దాటేసరికి 490 డిగ్రీలకు చేరుతుంది. కంప్రెసర్‌కు అల్యూమినియం ఎంచుకుని ఉంటే వెంటనే హెచ్చరిక వస్తుంది. ఇక టైటానియం, ఉక్కు, నికెల్ మిశ్రమం అని మార్చుకుంటూ పోవడమే. ఇంజిన్ బరువు ఎంతవుతుందో కూడా అదే చూపుతుంది. లోహం, వేడి, బరువు మధ్య పేచీని నల్లబల్ల మీద నేనెన్నడూ ఇంత బాగా చెప్పలేను.

మా పొరుగున కొరాపుట్ జిల్లా సునాబెడలో మిగ్-21 ఇంజిన్లు చేసిన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ కర్మాగారం ఉంది. అటునుంచి వచ్చే పిల్లల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మాస్టారూ, ఇందులో మిగ్-21 ఇంజిన్ ఆర్-25 ఉందా?" లేదు. సిద్ధంగా ఉన్న ఇంజిన్లు జే85, ఎఫ్100, సీఎఫ్6, ఒక రామ్‌జెట్ (కంప్రెసర్ లేకుండా వేగంతోనే గాలిని నొక్కేది). ఆఫ్టర్‌బర్నర్ (వెనుక అదనంగా ఇంధనం మండించే భాగం) ఉన్న టర్బోజెట్ తీసుకుని, నిష్పత్తి 9.5 దగ్గర పెట్టి మనమే కట్టుకోవాలి. అయితే అసలు ఇంజిన్‌లో కంప్రెసర్ వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలు. ఈ ప్రోగ్రాంకు కంప్రెసర్ అంటే ఒక్క అంకె!

నా పెద్ద ఫిర్యాదు కూడా ఇదే. నిష్పత్తి ఎంత పెంచినా గాలి బుద్ధిగా ముందుకే పోతుంది. స్టాల్ (బ్లేడ్ల మీద గాలి ప్రవాహం చెదరడం) లేదు, సర్జ్ (గాలి వెనక్కి తన్నడం) లేదు. 1970లలో ఎఫ్-15 యుద్ధ విమానంతో సర్వీసులోకి వచ్చిన ఎఫ్100 తొలి ఏళ్లలో స్టాల్‌తో పైలట్లను బాగా సతాయించింది. ఇక్కడి ఎఫ్100 త్రాటిల్‌ను (ఇంధనం పెంచి తగ్గించే మీటను) ఎంత దురుసుగా లాగినా ఆ జాడే ఉండదు, ఎందుకంటే ప్రతిసారీ స్థిరపడిన స్థితికే లెక్క కడుతుంది. బ్లేడు ఆకారం ఊసే లేదు. ఇంజిన్ రూపకల్పనలో ఈ చక్రం లెక్క తొలి మెట్టు మాత్రమే. బ్లేడ్ల చుట్టూ గాలి ప్రవాహం, వాటి మీద పడే బలాలు, ఆ తర్వాత టెస్ట్ బెడ్ (ఇంజిన్‌ను నేల మీద బిగించి నడిపి చూడటం) ఇంకా మిగిలే ఉంటాయి. మాస్టారు పక్కన లేకపోతే పని అయిపోయిందనే భ్రమలో పిల్లలు పడతారు.

ఈ ప్రోగ్రాంలోని టెస్ట్ మోడ్ మాత్రం తప్పక వాడండి. ఇంజిన్ కొలతలను ముట్టుకోనివ్వకుండా ఎత్తు, వేగం, త్రాటిల్ మాత్రమే మార్చనిస్తుంది. పౌండ్లు, అడుగులతో మొదలవుతుంది కాబట్టి ముందు మెట్రిక్‌కు మార్చుకోండి. ఫోనులో తెరిచి కళ్లు పాడుచేసుకోవద్దు. డిప్లొమా వాళ్లకు నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. ఎంటెక్ ప్రాజెక్టు దీంతోనే చేస్తానంటే ఒప్పుకోను.